దుబాయిలో కాటన్ గారి కాళ్ళు కడిగిన వైనం

ఆ రోజుల్లో నేను మంచి వయసులో ఉండేదాన్ని. నవ్వకండి, అరవై దాటిన కొత్త. మోకాళ్ళు ఇంకా నా మాట వినేవి. లిఫ్టు చెడిపోతే మెట్లెక్కి ఇంట్లోకి వెళ్ళి, కింద కొట్లో మరిచిపోయిన కొత్తిమీర కట్ట కోసం మళ్ళీ దిగి, మళ్ళీ ఎక్కేదాన్ని. అందరికీ కుర్రతనం పదహారు పదిహేడేళ్ళప్పుడు వస్తుందిట. నాకప్పుడు తీరిక లేదు, ఇద్దరు తమ్ముళ్ళు చంక దిగేవారు కాదు. ఆ తరవాత పెళ్ళి, పిల్లలు, పాడి గేదెలు. ఇక రాదులే అనుకున్న కుర్రతనం నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఆఖరికి దుబాయిలో, అల్ కుసైస్‌లో, మా అల్లుడి ఫ్లాటులో పట్టుకుంది. ఆ దూకుడులో నేను చేసిన ఒక పని గురించి మా ఇంట్లో ఇప్పటికీ నలుగురు చేరితే చెప్పుకుని నవ్వుతారు. చెప్పినప్పుడల్లా ఉన్నదానికి ఇంకాస్త కలుపుతున్నారు. అందుకని అసలు జరిగింది జరిగినట్టు నేనే రాసి పెడుతున్నాను. (నేను చదివింది నాలుగో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి, నాకు చెప్పొద్దు.)

మా అమ్మాయికి పురుడు పోయడానికి వెళ్ళాన్నేను. పిల్లకి మెడ నిలబడగానే వచ్చేద్దామనుకున్నాను. అంతలో కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. కొన్నాళ్ళకి నడిచాయి, మళ్ళీ ఆగాయి. "ఈ రోజుల్లో నిన్ను ఒక్కదాన్నీ ఎక్కడికీ పంపను" అని మా అమ్మాయి నా పాస్‌పోర్టు తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. ఇక చేసేదేముంది, ఉన్న ఇల్లు చక్కబెట్టడం మొదలెట్టాను. ఏసీ గొట్టంలోంచి చుక్కచుక్కగా కారిపోయే నీళ్ళ కింద బకెట్టు పెట్టి, ఆ నీళ్ళతో బాల్కనీ కడిగేదాన్ని. పాలు అయిపోయిన ప్లాస్టిక్ సీసాలు కడిగి ఆరబెట్టి పప్పులూ ఉప్పులూ పోసేదాన్ని. భోజనాల బల్ల మీద చెయ్యి తుడుచుకునే తెల్ల కాగితాలు పెడతారు చూడండి, అవి ఒక్కోటీ రెండుగా చింపి పెట్టేదాన్ని. "అత్తయ్యగారూ, ఇక్కడ అవి చాలా చవకండి" అన్నాడు మా అల్లుడు ఓ రోజు నసుగుతూ. "చవకైతే పారెయ్యాలని ఎవరు చెప్పారండీ?" అన్నాను. ఆ తరవాత ఆయన సగం కాగితంతోనే తుడుచుకున్నాడు పాపం.

అలాంటి నేను, ఎవరికీ చుక్క కూడా రాల్చని వస్తువొకటి చీరల మధ్య పెట్టుకుని దుబాయి దాకా మోసుకెళ్ళాను. రాగి చెంబు. పుష్కరాల్లో నా చేత్తో గోదావరి నీళ్ళు ముంచి, మూత పెట్టి, మూత చుట్టూ తగరంతో మాటు వేయించిన చెంబు. మా వైపు ఆడవాళ్ళు చాలామంది ఇలా దాచుకుంటారు, ఆఖరి ఘడియలో తులసాకుతో పాటు నోట్లో పోయడానికి. మా అత్తగారికి ఆ గుటక పోసింది నేనే. ఆవిడ బతికినన్నాళ్ళూ నన్ను ఒక్క పూట నిమ్మళంగా కూర్చోనివ్వలేదు. అంతటి మనిషీ ఆ నీళ్ళు గొంతు దిగగానే పాలు తాగిన పసిదానిలా మొహం విప్పింది. అది కళ్ళారా చూశాక నాకు ఒకటే కోరిక మిగిలింది, నేను పోయేటప్పుడు నా గొంతులోకీ గోదావరి దిగాలని. మా అమ్మాయికి ముందే చెప్పి పెట్టాను. "ఇదిగో, నేను ఇక్కడే గుటుక్కుమంటే కంగారుపడిపోకు. అలమారలో పై అరలో నా తెల్ల చీర కింద చెంబుంది. ముందు నీళ్ళు, తరవాతే ఏడుపు." రోజూ ఫోను తీస్తే ఎవరో ఒకరు పోయారన్న కబురే వినబడే రోజులవి. రాత్రి పడుకోబోయే ముందు ఆ చెంబు ఓసారి తడిమి చూసుకుంటే, ఇసకలో ఉన్నా ఏటి ఒడ్డునే ఉన్నట్టు ధైర్యంగా ఉండేది.

ఇప్పుడు కాటన్ దొర సంగతి చెప్పాలి. గోదావరి జిల్లాల వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతా వాళ్ళ కోసం. ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టించిన ఇంగ్లీషు ఇంజనీరు ఆయన. అంతకు ముందు మా వైపు వరదొస్తే కొంపలు పోయేవి, రాకపోతే పంటలు పోయేవిట. ఆయన కాలువలు తవ్వించాకే మా తాతల కంచాల్లోకి వరి అన్నం వచ్చింది. మా నాన్న కాలువ లాకుల దగ్గర లస్కరు. పడవలొస్తే లాకు తలుపులు తియ్యడం, చేలకి నీళ్ళు వదలడం ఆయన పని. మా దేవుడి గూట్లో సత్యనారాయణస్వామి పటం పక్కనే దొర పటం ఉండేది. మిగతా దేవుళ్ళు కిరీటం పెట్టుకుంటారు, ఈ దేవుడు మాత్రం కోటు వేసుకుంటాడు అనుకునేదాన్ని చిన్నప్పుడు. నైవేద్యం ఆయనకీ కలిపే పెట్టేవాళ్ళం. మహాలయ పక్షాల్లో మా నాన్న పెద్దలందరికీ నీళ్ళు వదిలి, ఆఖర్న "దొరగారికి" అని ఇంకో దోసెడు వదిలేవాడు.

మా అల్లుడు జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఓ గోడౌనులో సూపర్‌వైజరు. ఓ రోజు భోజనాల దగ్గర, "మాకు కొత్త ముదీర్ వచ్చాడు" అన్నాడు. (ముదీర్ అంటే అక్కడ మేనేజరు. అల్లుడు అన్నంలోకి కూర కలిపినట్టు మాటల్లోకి అరబ్బీ కలుపుతాడు.) "ఇంగ్లండు మనిషి. పేరు మిస్టర్ కాటన్."

నేను మజ్జిగ వడ్డిస్తున్నదాన్ని, గరిట గాల్లో ఆగిపోయింది.

"ఏమన్నారూ? కాటనా? పేరా, ఇంటిపేరా?"

"ఇంటిపేరేనండి."

"అయితే దొర వంశమే!"

"అబ్బే, కాదండి అత్తయ్యగారూ. ఇంగ్లండులో కాటన్లు బోలెడుమంది ఉంటారు."

"బోలెడుమంది ఉంటే బోలెడంత వంశం. ఇంటిపేరు ఒకటైతే దాయాదులు కారా? మొన్న ఎవరో కాకినాడలో పోయారని ఫోనొస్తే మైల అని మీరు తలస్నానం చేశారు. ఆయన మొహం మీరెప్పుడైనా చూశారా?"

"లేదండి."

"మరెందుకు చేశారూ?"

"ఇంటిపేరు ఒకటే కదాని…"

"నేనూ అదే అంటున్నాను."

అల్లుడు సాయం కోసం మా అమ్మాయి వంక చూశాడు. "అమ్మా, వాళ్ళకి మైలా గోత్రం ఇలాంటివి ఉండవే" అంది అది. "గోత్రం లేకపోతే పోనీ, రక్తం ఉంటుందా ఉండదా?" అన్నాను. మా అల్లుడు దణ్ణం పెట్టినంత పని చేశాడు. "అత్తయ్యగారూ, కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్న రోజులివి. ఆయనకి ఆవకాయా అదీ పంపించకండి. లంచం అనుకుంటారు." ఆవకాయ పంపిస్తానా, నేను? విమానంలో తెచ్చుకున్నది, చెంచాతో లెక్కగా వేసుకుంటున్నది! ఆ భయమేమీ పెట్టుకోవద్దని మాటిచ్చాను. ఇచ్చిన మాట తప్పలేదు కూడా, ఆవకాయ జోలికి పోలేదు.

కొన్నాళ్ళు గడిచాయి. ఓ సాయంత్రం పిల్లని తోపుడుబండిలో కూర్చోబెట్టుకుని కింద కొట్టు దగ్గర నిలబడ్డాను. అక్కడ చిల్లర కొట్టుని బకాలా అంటారు. అది నడిపేది నెల్లూరు నుంచి వచ్చిన ఆయన, అందరూ నెల్లూరు బాయి అనేవారు. కొత్తిమీర కొంటే కరివేపాకు ఊరికే ఇవ్వడం ఏ దేశంలోనైనా పద్ధతే అని నేను, దుబాయిలో కరివేపాకు విమానమెక్కి వస్తుంది మా అని ఆయన, వాదించుకుంటున్నాం. (ఇది రోజూ ఉండేదే. రోజూ నేనే గెలిచేదాన్ని.) అప్పుడొచ్చి ఆగింది ఓ పెద్ద కారు. అందులోంచి మా అల్లుడు దిగాడు. ఆయన కారు బ్యాటరీ చచ్చిపోతే మేనేజరు ఇంటి దాకా దింపడానికి వచ్చాట్ట. అల్లుడు థాంక్యూలు చెప్పి తలుపేసేలోగా అటు పక్క నుంచి ఇంకో మనిషి దిగాడు. ఇంత పొడుగు, ఎండకి కందిన నుదురు, మూతికి మాస్కు. చేతిలో మా అల్లుడు సీట్లో మరిచిపోయిన అన్నం క్యారేజీ. మా స్టీలు క్యారేజీ! మీరే చెప్పండి, ఏ కాటన్ వల్ల మా ఇంట్లో అన్నం ఉడికిందో, ఆ కాటన్ల మనిషి మా అన్నం క్యారేజీ పట్టుకుని ఎదురుగా నడిచి వస్తుంటే నా బుర్ర నా దగ్గరుంటుందా?

"మా ముదీర్, మిస్టర్ కాటన్" అన్నాడు అల్లుడు.

"బాయీ, పిల్లని చూస్తూ ఉండు. ఆయనకి కుర్చీ వెయ్యి. కదలనివ్వకు" అని నేను మెట్లవైపు పరుగెత్తాను. లిఫ్టు కోసం ఆగలేదు. చెప్పాను కదా, మంచి వయసు.

చెంబూ, పళ్ళెం, కొత్త తువ్వాలూ పట్టుకుని దిగేసరికి ఆయన కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీలో బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. మర్యాదస్తుడు, లేవమనలేదు కదాని లేవలేదు. మా అల్లుడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏంది మా ఇది? బాంబా?" అన్నాడు నెల్లూరు బాయి, మాటు వేసిన చెంబు చూసి.

"గోదారి. స్క్రూడ్రైవరు తే."

"అత్తయ్యగారూ! వద్దండి, మీకు దణ్ణం పెడతాను!"

"దణ్ణం ఆయనకి పెట్టండి" అన్నాను.

పళ్ళెం కుర్చీ ముందు పెట్టి, బూట్ల వైపు చూపించి, విప్పమని సైగ చేశాను. ఆయన పళ్ళెం చూశాడు, తువ్వాలు చూశాడు, చెంబు చూశాడు. అర్థమైనట్టు తలూపి, బూట్లూ మేజోళ్ళూ విప్పి పక్కన పెట్టాడు. ఇంత తొందరగా ఒప్పుకున్నాడేమిటా, దొర రక్తం కదా, తెలిసినట్టుంది అనుకున్నాను. (తరవాత తెలిసింది ఆయన ఏమనుకున్నాడో. ఆ రోజుల్లో ఏ గుమ్మం తొక్కినా నుదుటి మీద మిషను పెట్టి జ్వరం చూడడం, చేతుల మీద మందు కొట్టడం ఉండేవి. ఈ బిల్డింగులో కాళ్ళు కూడా కడుగుతారు కాబోలు అనుకున్నాడట. "మీ బిల్డింగు వాళ్ళు చాలా జాగ్రత్త మనుషులు" అని మా అల్లుడిని మెచ్చుకున్నాడు కూడా.)

బాయి స్క్రూడ్రైవరు పెట్టి ఒక్కటిచ్చేసరికి మాటు టప్పున ఊడింది. నేను కింద కూర్చుని, ఆయన కాళ్ళ మీద గోదావరి పోశాను. ఉడకబెట్టి తొక్క తీసిన చిలగడదుంపల్లా ఉన్నాయి పాదాలు. ఒక బొటనవేలికి ప్లాస్టరు. పోస్తున్నంత సేపూ మా నాన్న దోసిలి, లాకు తలుపుల సందులోంచి చేలకి ఉరికే నీళ్ళ చప్పుడూ గుర్తొచ్చాయి. తుడిచి, ఆ తడి చెయ్యి నా నెత్తిన పెట్టుకున్నాను. పిల్ల నెత్తిన జల్లాను. పారిపోబోతున్న అల్లుడి మీద కూడా జల్లాను. నెల్లూరు బాయి తల ముందుకి వంచి, "నాకూ ఓ చుక్క వెయ్యి మా. మా పెన్నకి మీ గోదారి అక్కే గదా" అన్నాడు. ఆయనకీ వేశాను. అప్పుడు చూశాను మాస్కు పైన కాటన్ గారి కళ్ళు. ఇది కరోనా పని కాదని ఆ కళ్ళకి అర్థమైపోయింది.

బాల్కనీలోంచి చూసిన మా అమ్మాయి చెప్పులు కూడా వేసుకోకుండా దిగొచ్చింది. వచ్చి, నన్నొక చూపు చూసి, ఆయన్ని టీకి పైకి రమ్మంది. ఏదో ఒకటి చెప్పి సర్దుకోవాలి కదా. పైన ఆయన సోఫాలో కాళ్ళు దగ్గరికి పెట్టుకుని కూర్చున్నాడు. నేను టీతో పాటు సగం కాగితం ఇచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మా అమ్మాయి ఇంగ్లీషులో ఆనకట్ట సంగతి, దేవుడి గూట్లో పటం సంగతి, ఇంటిపేరు సంగతి అంతా చెప్పుకొచ్చింది. ఆయన కప్పు కింద పెట్టేశాడు. ఆయన చెబుతుంటే అమ్మాయి నాకు తెలుగు చేసి చెప్పింది.

"అమ్మా, ఈయనకీ దొరకీ ఏ చుట్టరికమూ లేదటే. ఈయనా, వాళ్ళమ్మగారూ కలిసి వంశం లెక్కలన్నీ ఏళ్ళ తరబడి వెతికారట. వాళ్ళ తాత ప్లంబరు. ఆయన తాత కూడా ప్లంబరే."

"నీళ్ళ పనే కదా?" అన్నాను ఆశ వదులుకోలేక.

అది చెబితే ఆయన నవ్వాడు. నవ్వి, తల అడ్డంగా ఊపాడు. అసలు ఆ ఇంటిపేరు ఎలా పుట్టిందో చెప్పాడు. ఇంగ్లీషు రాని నేను నయం, ఇంగ్లీషొచ్చిన మా అమ్మాయి అది పత్తికి సంబంధించిన పేరనుకుందట. పత్తి వాళ్ళ దేశంలో కాళ్ళు పెట్టక ముందు నుంచీ ఉందిట ఆ పేరు. వాళ్ళ పాత భాషలో గుడిసెలని అలాంటి మాటతో అనేవారట. గుడిసెలున్న చోటల్లా అదే పేరుతో ఓ పల్లె వెలిసింది. ఆ పల్లెల నుంచి బయటికెళ్ళిన వాళ్ళనల్లా కాటన్లన్నారు. ఏ పల్లె కాటన్లు ఆ పల్లె వాళ్ళేగానీ, అందరూ ఒక ఇంటివాళ్ళు కారట. పేరు పడ్డ కాటన్లు చాలామందే ఉన్నారట. ఒకాయన పాత రాతపుస్తకాలు పోగేసి పెద్ద గ్రంథాలయమే చేశాట్ట. ఒకాయన ఏట్లో చేపలెలా పట్టాలో పుస్తకం రాశాడు. ఒకాయన పాదిరీగా అమెరికా వెళ్ళి అక్కడ పెద్ద మనిషయ్యాడు. ఇంకొకాయన గోల్ఫు ఆడి గెలిచాడు. "వాళ్ళెవరితోనూ మాకు సంబంధం లేదండి. మా ఇంట్లో గొప్పవాడంటే మా తాతే. ఊళ్ళో ఆయన బిగించిన గొట్టం ఒక్కటీ కారలేదు" అన్నాడు.

నేను టీ కప్పులు ఒకదాంట్లో ఒకటి పెట్టడం మొదలెట్టాను. మా అమ్మాయి మాత్రం ఆగలేకపోయింది. "నువ్వు ఎవరికీ చుక్క రాల్చవు కదే! నీ ఆఖరి గుటక కోసం దాచుకున్న నీళ్ళు కదే అవి! వచ్చి వచ్చి ఎవరో ప్లంబరు మనవడి కాళ్ళ మీద పోసేశావే!" అని తెలుగులో గొల్లుమంది. ఏమంటోందని ఆయన అల్లుడిని అడిగాడు. అల్లుడు మాట మార్చబోయాడు గానీ చేతకాలేదు, అంతా చెప్పేశాడు. కాటన్ గారు తన కాళ్ళ వంక చూసుకున్నాడు. ఆ పాదాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పాపం వాటిని నేల మీంచి కాస్త పైకి లేపి కూర్చున్నాడు. "ఆవిడకి సారీ చెప్పండి" అన్నాడు. "ఆయనెందుకు చెప్పాలి? పొయ్యమని ఆయన అడిగాడా?" అన్నాను.

ఆయన వెళ్ళాక కిందికి దిగి చూస్తే పళ్ళెం ఇంకా అక్కడే ఉంది, నెల్లూరు బాయి కాపలా కాస్తున్నాడు. ఆ నీళ్ళు మళ్ళీ చెంబులో పోసుకుందామా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. (బొటనవేలి ప్లాస్టరు గుర్తొచ్చి మానేశాను.) పైకి తెచ్చి బాల్కనీలో కరివేపాకు మొక్కకి పోశాను. ఆకు పీకితే చాలు అలిగి వాడిపోయే ఆ మొక్క, ఆ నెల గుబురుగా చిగిర్చింది. ఆ తరవాత బాయితో కరివేపాకు గొడవ పెట్టుకోవాల్సిన అవసరం రాలేదు. నాకే తోచక, ఊరికే ఓ పూట వాదించి వచ్చేదాన్ని.

పగలంతా ఏదో పనిలో మరిచిపోయేదాన్ని. పడుకోబోయే ముందు మాత్రం చెయ్యి అలవాటుగా పై అరలోకి వెళ్ళి, ఖాళీ చెంబు తగిలేది. మూత ఊడిన చెంబు ఎంత తేలికగా ఉంటుందో అప్పుడే తెలిసింది. అంతలో నాకు దగ్గు పట్టుకుంది. పొడి దగ్గే, పరీక్ష చేయిస్తే కరోనా కాదన్నారు. అయినా దగ్గు తెర వచ్చినప్పుడల్లా, ఇక్కడే పోతే నా నోట్లో కొళాయి నీళ్ళే పోస్తారు కాబోలని గుండె జారిపోయేది. విమానాలు లేవు. ఊళ్ళో ఎవరినైనా పంపమందామన్నా వచ్చేవాళ్ళెవరు? మా అమ్మాయి ఓ రోజు ఎక్కడో కొన్న గంగాజలం సీసా తెచ్చి మంచం పక్కన పెట్టింది. మంచి నీళ్ళే, కాదనను. కానీ గంగ మా పొలానికి రాలేదు కదండీ.

అల్లుడి ఉద్యోగానికి ఢోకా రాలేదు. పైగా మేనేజరు రోజూ మర్యాదగా "మీ అత్తగారి దగ్గెలా ఉంది?" అని అడుగుతున్నాడట. నేను దగ్గుతున్నానని ఆయనకెందుకు చెప్పారంటే, నోరు జారిందన్నాడు. విమానాలు మళ్ళీ నడిచాక ఓ రోజు, "కాటన్ గారు ఇండియా వెళ్ళాడు. కాకినాడ రేవులో కంపెనీ పనిట" అన్నాడు. కాకినాడ అనగానే మనసు ఊళ్ళోకి వెళ్ళిపోయింది. ఆయనకైతే పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళు లేరు కదా అని కాస్త కుళ్ళుకున్నాను కూడా.

పది రోజుల తరవాత ఓ శుక్రవారం పొద్దున బెల్లు మోగింది. తలుపు తీస్తే కాటన్ గారు. ముక్కు ఎండకి కాలి తొక్కలూడుతోంది. చేతిలో సంచీ. లోపలికొచ్చి కూర్చోగానే మా అమ్మాయిని పిలిచి, "మీ అమ్మగారికి చెప్పండి, నాకిప్పుడు అర్థమైందని" అన్నాడు. ఇక మొదలుపెట్టాడు. కాకినాడలో పని అయ్యాక ధవళేశ్వరం చూద్దామని టాక్సీ మాట్లాడుకున్నాడట. దారిలో డ్రైవరు పేరడిగాడు. చెప్పాడు. అంతే, డ్రైవరు కారు పక్కకి తీసి ఆపి, దిగొచ్చి వెనక తలుపు తీసి, దణ్ణం పెట్టాడట. అక్కడి నుంచి ఫోన్లే ఫోన్లు. ఆనకట్ట దగ్గరికి వెళ్ళేసరికి డ్రైవరు అమ్మా, పెదనాన్నా, వాళ్ళ వీధిలో వాళ్ళూ దండలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. దొర విగ్రహానికి ఒకటి, ఈయనకి ఒకటి.

"నేను చెబుతూనే ఉన్నానండి, మా తాత ప్లంబరని. డ్రైవరు దాన్ని వాళ్ళకి తెలుగులో చెప్పాడు. ఏం చెప్పాడో తెలీదు, ఇంకో దండ వేశారు."

మా అల్లుడు నవ్వాపుకోలేక లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు.

"ఓ ముసలి రైతు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఏడ్చాడు. ఏమీ అడగలేదు. ఆయనకి నేను కాదని ఎలా చెప్పను?" అన్నాడు కాటన్ గారు. "తరవాత నాకు కాగితం తినిపించారు. తియ్యగా ఉంది. మీరు సగం కాగితం ఇచ్చారు, వాళ్ళు మడతలు పెట్టి మొత్తం కాగితం ఇచ్చారు."

పూతరేకులండీ! నేను ఆయన ముందు నవ్వడం అదే మొదలు.

"ఓ పెద్దావిడ చెంబూ పళ్ళెం తెచ్చింది. ఈసారి ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పేశాను" అన్నాడు. అని, సంచీలోంచి తువ్వాలు చుట్టిన పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. విప్పితే ప్లాస్టిక్ నీళ్ళ సీసా. దాని మూత చుట్టూ, పంపుల వాళ్ళు కొళాయిలకి చుట్టే తెల్ల టేపు పొరలు పొరలుగా చుట్టి ఉంది. ఆనకట్ట దగ్గర గోదావరి రేవులోకి తనే ప్యాంటు మడుచుకుని దిగి, మోకాళ్ళ లోతులో నిలబడి పట్టాడట. డ్రైవరు పట్టిస్తానంటే వద్దన్నాడట. "మూతకి మాటు వేసేవాళ్ళు దొరకలేదు. టేపు కొనుక్కుని మా తాత చుట్టే పద్ధతిలో చుట్టాను. సూట్‌కేసులో ఒక్క చొక్కా తడవలేదు" అన్నాడు.

నేను సీసా తలకిందులు చేసి చూశాను. చుక్క కారలేదు. ఆయన నా వంక పరీక్ష రాసిన పిల్లాడిలా చూస్తున్నాడు. దొర వంశం కాదని ఆయనే అంటున్నాడు, ఆ మాట నేనిప్పుడు తీసెయ్యలేను. అప్పుడు గుర్తొచ్చింది గుడిసెల సంగతి. "గుడిసెల దగ్గర వాళ్ళంటే మన లెక్కన పాకలవారు కదే" అన్నాను మా అమ్మాయితో. "పాకలవారు మీ పెద్ద మేనత్త అత్తవారి వైపు చుట్టాలే. ఆ వరసన చూస్తే ఈయన నాకు తమ్ముడవుతాడు. చెప్పు, భోజనం చేసి గానీ కదలడానికి వీల్లేదని." అది తెలుగు చుట్టరికం అంతా ఇంగ్లీషు చెయ్యలేక నానా అవస్థా పడి, చివరికి "అక్కా" అనే మాట ఒక్కటీ ఆయనకి నేర్పింది. ఆ రోజు ఆయన విస్తట్లో ఆవకాయ వేశాను. చెంచాతో కాదు, గరిటెతో. చేతికి నిండు కాగితం ఇచ్చాను.

ఇదంతా జరిగి కొన్నేళ్ళయింది. దగ్గు తగ్గింది, తాళం ఊడింది, నేను ఊరొచ్చేశాను. సీసా కూడా నాతో వచ్చింది, మళ్ళీ చీరల మధ్యనే. ఇంటి నుంచి నాలుగడుగులు వేస్తే నిండు గోదావరి కనబడుతుంది, ఇంట్లో దేవుడి గూట్లో మాత్రం దుబాయి వెళ్ళొచ్చిన గోదావరి ఉంటుంది. అటు దొర పటం, ఇటు ప్లంబరు మనవడి టేపు సీసా. "ఎదురుగా ఏరు పెట్టుకుని ఆ సీసా నీళ్ళేమిటే" అని మా అమ్మాయి ఫోనులో ఏడిపిస్తుంది. ఏడిపించనీ. ఆఖరి గుటక ఏదవ్వాలో నాకు తెలుసు. ఆ మధ్య కాటన్ గారు ఇంగ్లండు వెళ్ళిపోయాడు. అల్లుడితో మాట్లాడినప్పుడల్లా నన్ను కూడా పిలిపించి, ఫోనులో "అక్కా" అంటాడు. "ఆఁ, తమ్ముడూ" అంటాను. ఇద్దరికీ అంతకు మించి మాటలు రావు గనక ఇద్దరం కాసేపు అలా నవ్వుకుని పెట్టేస్తాం.

ఇప్పుడు మోకాళ్ళు మాట వినడం మానేశాయి. మెట్టు ఎక్కాలంటే గోడ పట్టుకుని ముందు మోకాళ్ళని మంచి చేసుకోవాలి. అప్పుడప్పుడు అరుగు మీద కూర్చుని, చెంబు పట్టుకుని మెట్లమీద పరుగెత్తిన ఆ అరవయ్యేళ్ళ కుర్రదాన్ని తలుచుకుంటాను. ఎంత తొందర దానికి! ఎవరు ఏమిటని ఒక్క మాట అడగలేదు, పేరు వింది, ఉన్నదంతా పోసేసింది. జీవితమంతా చుక్కచుక్క లెక్క చూసుకున్న నాలోంచి అంత చెయ్యి జారే మనిషి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలీదు. దాన్ని తిట్టాలని చూస్తాను గానీ, నవ్వొస్తుంది. దీపం పెట్టినప్పుడు సీసా ఓసారి తలకిందులు చేసి చూస్తాను. ఇప్పటికీ చుక్క కారలేదు. మంచి టేపు. విప్పడానికి నాకేం తొందర లేదు.